మస్టర్‌కెక్కని సైన్యం

లావోస్ కొండల్లో అమెరికా గూఢచార సంస్థ సీఐఏ తరఫున పోరాడి, 2018 మార్చి 22న కన్నుమూసిన హ్మాంగ్ తెగ సైనికుడికి అమెరికా జాతీయ శ్మశానవాటికల్లో చోటు లేదు. మర్నాడు పోయిన అతని తోటివాడికి ఉంది. ఆ చోటిచ్చే చట్టం మీద సంతకం పడింది మార్చి 23న కాబట్టి అంతకుముందు పోయినవాళ్లకి వర్తించదు. 2000లో వచ్చిన హ్మాంగ్ మాజీ సైనికుల పౌరసత్వ చట్టం కింద పౌరులై, చనిపోయేనాటికి అమెరికాలోనే ఉంటున్నవాళ్లని దృష్టిలో పెట్టుకుని రాసిన నిబంధన అది. సమాధి, శిలాఫలకం, దాని నిర్వహణ అన్నీ ఉచితం. పింఛను మాత్రం లేదు. మాజీ సైనికుల ఆసుపత్రుల్లో వైద్యమూ లేదు. పేరున్న ఆర్లింగ్టన్ సైనిక శ్మశానం అసలే లేదు, ఎందుకంటే దాన్ని నడిపేది మాజీ సైనికుల శాఖ కాదు, సైన్యం. హ్మాంగ్ దళాలకి నాయకత్వం వహించిన జనరల్ వాంగ్ పావ్ 2011 జనవరిలో పోయినప్పుడు కుటుంబం ఆర్లింగ్టన్‌లో చోటు అడిగితే సైన్యం కాదంది.

ఈ చట్టం గురించి ఎక్కడ చదివినా ఒకటే మాట: చరిత్ర మరిచిపోయిన వీరులకి ఆలస్యంగా దక్కిన గౌరవం. హ్మాంగ్ దళాల ప్రధాన స్థావరం లాంగ్ చెంగ్ పడిపోయిన రోజుల్ని తలుచుకునే మే నెల సభల్లోనూ ఇదే మాట; 2025లో యాభై ఏళ్లు నిండినప్పుడు ఇంకా ఎక్కువగా వినబడింది. నా పేచీ ఈ మాటతోనే. మరుపు కాలం చేసే పని, దానికి ఎవర్నీ పట్టుకుని అడగలేం. ఇక్కడ మాత్రం వీళ్ల పేర్లు ఎక్కడా రాయకూడదని మొదట్లోనే తేల్చేసుకున్నారు. అలా రాయకుండా వదిలేసిన సేవనే నలభై ఏళ్ల తర్వాత రుజువు చేసుకోమన్నారు. ఉపాధి హామీ పనులు చూసినవాళ్లకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. ఎంత మట్టి తవ్వావన్నది తర్వాతి మాట, మస్టర్‌లో పేరుందా లేదా అన్నదే ముందు. హ్మాంగ్ కుటుంబాలకి ఇప్పుడు కావాల్సింది ఇంకో స్మారక శిల కాదు, మస్టర్ అని నా వాదన. అదంత తేలిక కాదని తెలుసు. ఈ పోస్టులో ఎక్కువ భాగం ఆ చిక్కుల గురించే.

రాయకూడని యుద్ధం

లావోస్‌లో కమ్యూనిస్టుల మీద అమెరికా చాటుగా నడిపిన రహస్య యుద్ధం కథంతా ఇక్కడ తిరగదోడను. ఈ వాదనకి కావాల్సినంతే చెప్తాను. 1961 జనవరిలో సీఐఏ అధికారి బిల్ లెయిర్ వెళ్లి వాంగ్ పావ్‌ని కలిశాడు. ఆయుధాలిస్తే పదివేల మందిని నిలబెడతానన్నాడాయన. మొదటి విడతలో మూడు వందల మందికి పా డాంగ్ అనే కొండ ఊళ్లో శిక్షణ మొదలైంది. నేర్పినవాళ్లలో ఎక్కువమంది థాయ్ పోలీసు పారాట్రూపర్లు. 1962 జులై 23న జెనీవాలో లావోస్ తటస్థ దేశమని ఒప్పందం కుదిరింది, పరాయి సైన్యాలన్నీ వెళ్లిపోవాలన్నారు. అమెరికా తన 666 మంది సైనిక సిబ్బందిని లెక్కపెట్టి మరీ బయటికి పంపింది. ఉత్తర వియత్నాం సైన్యం వేలల్లో ఉంటే తనిఖీ కేంద్రాలు దాటి వెళ్లింది నలభై మందే. అంటే ఒప్పందాన్ని రెండు పక్షాలూ ఉల్లంఘించాయి. ఒకరు కదలకుండా ఉల్లంఘిస్తే, ఇంకొకరు పేరు మార్చుకుని తిరిగొచ్చి ఉల్లంఘించారు.

ఆ పేరు మార్చుకోవడంలోనే మనకి కావాల్సిన సంగతి ఉంది. ఆ తర్వాత పన్నెండేళ్లపాటు లావోస్‌లో అమెరికా సైన్యం కాగితం మీద లేదు. ఉన్నది సీఐఏ, దాని చేతికింద నడిచిన ఎయిర్ అమెరికా కంపెనీ విమానాలు, సహాయ సంస్థ పేరుతో పనిచేసే ఉద్యోగులు. లాంగ్ చెంగ్ లోయలో రన్‌వే కట్టారు, చివర సున్నపురాయి గుట్టలు నిలువునా లేచి ఉంటాయి. రోజంతా విమానాలు దిగుతూ లేస్తూ ఉండే ఆ చోటు చాలాకాలం మామూలు పటాల్లో కనిపించలేదు. బాంబర్లకి దారి చూపే రేవెన్ పైలట్లు అమెరికా వైమానిక దళంవాళ్లే, కానీ యూనిఫాం వేసుకోకుండా మామూలు బట్టల్లో ఎగిరేవారు. వాళ్ల వెనక సీట్లో కూర్చుని కింద దళాలతో రేడియోలో మాట్లాడింది హ్మాంగ్ కుర్రాళ్లు.

మనకి కూడా ఇక్కడొక చిన్న సంబంధం ఉంది. జెనీవా ఒప్పందం అమలవుతోందో లేదో చూడాల్సిన అంతర్జాతీయ కమిషన్‌కి అధ్యక్షత భారత్‌ది. కెనడా, పోలాండ్ సభ్యులు. మన అధికారులు లావోస్ రాజధాని వియంటియన్‌లో కూర్చుని ఉండగానే ఉత్తరాన కొండల్లో ఇదంతా జరిగింది. ఇరుపక్షాలూ తమ ప్రాంతాల్లోకి రానివ్వకపోతే కమిషన్ చేయగలిగింది పెద్దగా లేదు. ఒక యుద్ధాన్ని లెక్కలోకి రానివ్వకపోవడానికి ఎంతమంది కావాలో చెప్పడానికే ఈ సంగతి ఎత్తాను.

దాచడం ఎంతదాకా వెళ్లిందంటే, 1970 మార్చి 6న అధ్యక్షుడు నిక్సన్ ఒక ప్రకటన చేస్తూ లావోస్‌లో ఉంటున్న అమెరికన్ ఎవరూ నేలమీది పోరులో చనిపోలేదన్నాడు. కొద్దిరోజుల్లోనే అది తప్పని తేలింది. 1969 ఫిబ్రవరిలో మువాంగ్ సుయి దగ్గర కెప్టెన్ జోసెఫ్ బుష్ చనిపోయాడని పత్రికలు బయటపెట్టాయి. సొంత అధికారి చావునే లెక్కలో చూపని ప్రభుత్వం హ్మాంగ్ వాడి చావుని ఏ రిజిస్టర్‌లో రాస్తుంది?

ఒకే కొండ మీద

ఈ తేడా అంతా ఒకేచోట కనిపించేది ఫూ ఫా థీ కొండ మీద. ఉత్తర వియత్నాం సరిహద్దుకి నలభై కిలోమీటర్ల దూరంలో, ఒకవైపు కోసినట్టు నిలువుగా ఉండే కొండ. అక్కడి హ్మాంగ్ వాళ్లకి అది పవిత్ర స్థలం కూడా. 1967లో దాని నెత్తిమీద రాడార్ పెట్టారు. మబ్బు పట్టినప్పుడు కూడా ఉత్తర వియత్నాం మీద బాంబర్లని గురికి తీసుకెళ్లడం దాని పని. దాన్ని నడిపిన వైమానిక దళ సాంకేతికులు కాగితం మీద ఉద్యోగం మానేసి లాక్‌హీడ్ కంపెనీ సిబ్బందిగా చేరారు. చుట్టూ కాపలా హ్మాంగ్, థాయ్ దళాలది.

1968 జనవరి 12న ఉత్తర వియత్నాం రెండు రెక్కల పాత విమానాలు పంపి ఈ స్థావరం మీద బాంబులు వేయించింది. ఎయిర్ అమెరికా హెలికాప్టర్ ఒకటి వెంటబడింది, అందులోని మనిషి తలుపులోంచి ఏకే-47తో కాల్చి ఒక విమానాన్ని కూల్చాడు. వినడానికి భలే ఉంటుంది కాబట్టి వైమానిక చరిత్ర రాసేవాళ్లు ఎవరూ దీన్ని వదలరు. సీఐఏ ప్రధాన కార్యాలయంలో దీని మీద వర్ణచిత్రం కూడా ఉంది. ఆరోజు ఆ బాంబులకి నేలమీద నలుగురు స్థానికులు చనిపోయారు: ఇద్దరు మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు. చాలా కథనాల్లో వాళ్లకి దక్కింది ఆ అంకె ఒక్కటే.

రెండు నెలలకి, మార్చి 10 రాత్రి, వియత్నాం కమాండోలు ఆ నిలువు కొండనే ఎక్కి వచ్చారు. తెల్లారేసరికి పన్నెండుమంది అమెరికన్లు చనిపోయారు, లేదా జాడ తెలియకుండా పోయారు. వాళ్లలో చీఫ్ మాస్టర్ సార్జెంట్ రిచర్డ్ ఎట్చ్‌బర్గర్ ఒకడు. గాయపడిన తోటివాళ్లని ఒక్కొక్కరినీ హెలికాప్టర్ తాడుకి కట్టి పైకి పంపించి, చివర తానెక్కాడు. కిందనుంచి దూసుకొచ్చిన తూటా తగిలి ప్రాణం పోయింది. ఎయిర్ ఫోర్స్ క్రాస్ పతకాన్ని ఆయన భార్యకి గుట్టుగా ఇచ్చారు. అసలు సంగతి ఆమెకి తెలుసు, పిల్లలకి చెప్పలేని పరిస్థితి. 2010 సెప్టెంబర్ 21న వైట్‌హౌస్‌లో అధ్యక్షుడు ఒబామా ఆయన కొడుకులకి మెడల్ ఆఫ్ ఆనర్ అందించాడు.

ఆ కుటుంబం అనుభవించింది తక్కువేం కాదు. అయినా నలభై రెండేళ్ల తర్వాత ఆ గౌరవం సాధ్యమైంది ఎందుకో చూడాలి. ఉద్యోగం మానేసినట్టు రాసిన కాగితం వెనక అసలు ఫైలు ఒకటి ఉంది. నంబరు, హోదా, చేరిన తేదీ, ప్రత్యక్ష సాక్షుల వాంగ్మూలాలు అన్నీ అందులో ఉన్నాయి. రహస్యం అనే ముద్ర తీసేయగానే ఫైలు తెరుచుకుంది. అదే కొండ కింద కాపలా కాస్తూ అదే వారంలో చచ్చిపోయిన హ్మాంగ్ వాడి విషయంలో తీసేయడానికి ముద్రే లేదు, ఎందుకంటే ఫైలే లేదు. అమెరికన్‌ని దాచిపెట్టారు. హ్మాంగ్ వాడిని అసలు రాసుకోనేలేదు. ఈ రెంటినీ కలిపి ‘రహస్య యుద్ధ బాధితులు’ అనేయడం వల్లే గుర్తింపు గురించిన చర్చ ఎప్పుడూ పక్కదారి పడుతుంది.

కొండ పడిపోయిన ఆ 1968లోనే, లాంగ్ చెంగ్ దగ్గర్లోని సామ్ థాంగ్‌లో సహాయ కార్యక్రమాలు చూసిన ఇండియానా రైతు ఎడ్గర్ బ్యూయెల్ ఒక విలేకరికి కొత్తగా పోగైన మూడు వందల మంది సంగతి చెప్పాడు. ముప్పై శాతం పద్నాలుగేళ్లు, ఆలోపు వాళ్లు. వాళ్లలో పదిమందికి పదేళ్లే. ఇంకో ముప్పై శాతం పదిహేను, పదహారేళ్లవాళ్లు. మిగతా అందరూ నలభై అయిదు దాటినవాళ్లు. మధ్య వయసువాళ్లు ఏరంటే, అంతా పోయారు అన్నాడు. చనిపోయిన హ్మాంగ్ సైనికుల సంఖ్య ముప్పై వేలు, నలభై వేలు అని రకరకాలుగా అంచనాలు వినిపిస్తాయి. ఇంత పెద్ద నష్టం అంచనాల్లోనే ఉండిపోయిందంటేనే మస్టర్ లేని సంగతి తెలుస్తోంది.

రుజువు చూపించమంటే

2000 చట్టం సేవకి రుజువుగా ఒప్పుకున్నవి ఇవీ: అసలు పత్రాలు, లేదా పై అధికారి అఫిడవిట్, లేదా అదే దళంలో పనిచేసి ఈ మనిషి సేవ స్వయంగా తెలిసిన ఇద్దరి అఫిడవిట్లు, అవీ లేకపోతే తగిన ఇతర ఆధారం. 1961 ఫిబ్రవరి 28కీ 1978 సెప్టెంబర్ 18కీ మధ్య పనిచేసి ఉండాలి. 45,000 మంది పరిమితి. దరఖాస్తుకి మొదట 18 నెలలు గడువిచ్చి తర్వాత 36కి పెంచారు. ఇంగ్లిష్ పరీక్ష మినహాయించారు. బడి ముఖం చూడని పెద్దవాళ్లకి అది చాలా పెద్ద మేలు. దానికోసం ఏళ్లతరబడి బిల్లులు పెట్టిన, మినెసోటాలోని సెయింట్ పాల్ కాంగ్రెస్ సభ్యుడు బ్రూస్ వెంటో ఆ ఏడాదే పోయాడు. ఉన్నంతలో ఉదారంగా రాసిన చట్టమనే అంటాను. అయినా దీన్ని ఒక మామూలు కుటుంబం వైపునుంచి చూడండి.

అసలు పత్రాలు ఎందుకుండవంటే, 1975 మేలో లాంగ్ చెంగ్ నుంచి విమానాల్లో బయటపడింది సుమారు 2,500 మంది. ఎక్కువగా అధికారులు, వాళ్ల కుటుంబాలు. మిగతావాళ్లు అడవుల్లో నడిచి మెకాంగ్ దాటాలి. దారిలో పట్టుబడితే దళం గుర్తింపు కార్డో, అమెరికన్ పక్కన దిగిన ఫొటోనో చాలు, నిర్బంధ శిబిరానికి పంపడానికి. కాల్చేశారు, పాతేశారు, నీళ్లలో వదిలేశారు. ప్రాణం నిలవడానికి పారేసిన కాగితాన్నే తర్వాత చట్టం మొదటి రుజువుగా అడిగింది.

పై అధికారి అఫిడవిట్ విమానం ఎక్కినవాళ్లకి సులువు. వాళ్ల అధికారులు అదే ఊళ్లో, మినెసోటాలోనో ఫ్రెస్నోలోనో ఉన్నారు. నడిచి వచ్చినవాడి కెప్టెన్ ఫ్రాన్స్‌లో ఉండొచ్చు, లావోస్ అడవిలో పోయి ఉండొచ్చు. ఇద్దరు సాక్షులు కావాలంటే దళంలో కనీసం ముగ్గురు బతికి ఉండాలి. పూర్తిగా తుడిచిపెట్టుకుపోయిన దళాలవాళ్లే ఎక్కువ పోగొట్టుకున్నవాళ్లు, వాళ్లకే సాక్షులు తక్కువ.

ఇక పేర్ల గొడవ. ఇంటిపేరు ముందా వెనకా అన్న తంటా అమెరికా వెళ్లిన తెలుగువాళ్లకి కొత్తేం కాదు. హ్మాంగ్ వాళ్లకి దాని మీద ఇంకో మెలిక ఉంది: పెళ్లై బిడ్డ పుట్టాక మగవాడికి అత్తింటివాళ్లు పెద్దపేరు పెడతారు, పాత పేరు ముందు ఇంకో మాట చేరుతుంది. 1966లో దళంలో తూ అని పిలిచిన కుర్రాడు శరణార్థి శిబిరానికి వచ్చేసరికి చాంగ్ తూ. ఇంటిపేరు ఒక కాగితంలో ఫ్రెంచి వాళ్ల పద్ధతిలో, ఇంకోదాంట్లో ఇంగ్లిష్ వాళ్ల పద్ధతిలో. పుట్టినరోజు తెలియని చాలామందికి జనవరి ఒకటి అని రాసేశారు. రెండు కాగితాలు దొరికినా అవి ఒకే మనిషివని నిరూపించడం ఇంకో పని.

అందుకే ఇంట్లో పెద్దవాళ్ల సేవ నమోదు చేయాలనుకునే మనవలు ‘ఏ సంవత్సరం చేరావు తాతా’ అని మొదలుపెడితే దెబ్బతింటారు. సంవత్సరాల లెక్క ఆ కొండల్లో లేదు. కోతలు, కోతల తర్వాత వచ్చే కొత్త ఏడాది పండగ, ఏ కొండ మీద ఎన్ని పండగలు గడిచాయన్నదే లెక్క. ముందు చోటు అడగాలి. ప్రతి చిన్న విమాన స్థలానికీ లీమా సైట్ అని ఒక నంబరుండేది. ఊరిపేరు దొరికితే నంబరు దొరుకుతుంది, నంబరు దొరికితే విమానాల రికార్డులతో పోల్చవచ్చు. తర్వాత తేదీ తెలిసిన సంఘటనలతో ముడిపెట్టాలి: ఫా థీ పడిపోకముందా తర్వాతా అంటే 1968 మార్చి తేలుతుంది. నా ఖాంగ్ స్థావరం పోయిన సంగతి 1969 మొదట్లోది. సామ్ థాంగ్ కాలిపోయింది 1970 మార్చిలో. స్కైలైన్ కొండ వరస మీద ముట్టడి 1971 డిసెంబర్‌లో మొదలైంది. జనరల్ వెళ్లిపోయింది 1975 మే 14న. అధికారి పేరు, రేడియోలో వాడిన మారుపేర్లు, అమెరికన్లని ఏమని పిలిచేవారో అడగాలి. వాళ్లు కూడా సొంత పేర్లు వాడేవారు కాదు. లాంగ్ చెంగ్ సీఐఏ వాళ్లందరినీ కలిపి స్కై అనేవారు. సీఐఏ అధికారి జెర్రీ డానియెల్స్ పేరు చెప్తే తెలియని పెద్దాయన కూడా ‘హాగ్’ అంటే పట్టేయొచ్చు. గాయమైతే ఎక్కడ కట్టు కట్టారో అడగాలి, సామ్ థాంగ్ ఆసుపత్రో, సరిహద్దు దాటి థాయ్‌లాండ్‌లోని ఉడోర్న్‌కి తీసుకెళ్లారో. అలా వచ్చిన జవాబుల్ని డాలస్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో ఉన్న ఎయిర్ అమెరికా దస్తావేజులతో, లబ్బక్‌లోని వియత్నాం ఆర్కైవ్‌తో సరిపోల్చుకోవచ్చు. మనిషి పేరు అక్కడ దొరక్కపోవచ్చు. ఫలానా రోజు ఫలానా సైట్‌లో విమానం దిగిందన్నది దొరికితే పెద్దాయన చెప్పిన మిగతాదానికి బలం వస్తుంది.

జ్ఞాపకం తారుమారయ్యే చోట్లు కూడా తెలిసుండాలి. తాను విన్నదాన్ని చూసినట్టు చెప్పడం, హోదా ఒకమెట్టు పెరగడం, రెండు ముట్టడులు ఒకటిగా కలిసిపోవడం మామూలు. అందుకే ఒకే దళంవాళ్లని విడివిడిగా అడగాలి, కలిపి కూర్చోబెట్టకూడదు. కలిపితే గొంతు పెద్దదైనవాడి కథ అందరి కథా అయిపోతుంది.

కాదనేవాళ్ల మాట

వీళ్లది కిరాయి సైన్యం, జీతం ఇచ్చారు, బియ్యం వేశారు, లెక్క సరిపోయింది అనేవాళ్లున్నారు. బియ్యం వేసిన మాట నిజం. ఒక సంచి మీద ఇంకా పెద్ద సంచి తొడిగి విమానంలోంచి తోసేవారు, లోపలిది పగిలినా బయటిది ఆపేది. కానీ ఆ బియ్యం ఎందుకు వేయాల్సొచ్చింది? పంట వేసే చేతులు తుపాకీ పట్టాయి, ఊళ్లకి ఊళ్లు ఏటా ఇంకో కొండకి తరలిపోయాయి. ఏ సైన్యంలో మాత్రం జీతం, తిండి ఇవ్వరు?

ఇంతకంటే గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది. పదేళ్ల పిల్లల చేత తుపాకీ పట్టించిన యుద్ధాన్ని గౌరవించడమేమిటి? 1964 నుంచి 1973 దాకా ఇరవై లక్షల టన్నులకి పైగా బాంబులు పడ్డ దేశంలో, ఇప్పటికీ పొలాల్లో పేలని బాంబులు తవ్వుతున్న లావో రైతు వైపునుంచి చూస్తే ఈ సేవ ఏమిటి? హ్మాంగ్ వాళ్లందరూ ఇటే లేరు కూడా. ఫాయ్‌డాంగ్ లోబ్లియావో వెంట వెళ్లినవాళ్లు లావో కమ్యూనిస్టుల సైన్యమైన పాథెట్ లావో వైపు పోరాడారు. వాళ్ల తరం వేసిన బాటలోనే పానీ యాథోటూ అనే హ్మాంగ్ మహిళ లావోస్ జాతీయ అసెంబ్లీ అధ్యక్షురాలైంది. ఈ అభ్యంతరాన్ని నేను కొట్టిపారేయలేను. కానీ ఇది పతకానికి, విగ్రహానికి అడ్డు తగులుతుంది గానీ మస్టర్‌కి కాదు. మస్టర్ ప్రశంసాపత్రం కాదు. పదేళ్ల పిల్లాడి వయసు పదేళ్లని రాసి ఉంటే, ఆ యుద్ధం మీద అంతకంటే పెద్ద ఆరోపణ ఎవరు చేయగలరు?

గుర్తింపుని ఒక నాయకుడికి కట్టేస్తే ఏమవుతుందో విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో కనిపించింది. 2007లో అక్కడ కొత్త ప్రాథమిక పాఠశాలకి వాంగ్ పావ్ పేరు పెట్టాలని బోర్డు తీర్మానించింది. అప్పటికే ఆయన మీద విమర్శలున్నాయి. జూన్‌లో లావోస్ ప్రభుత్వాన్ని కూల్చే కుట్ర కేసులో ఆయన్ని అరెస్టు చేయడంతో పేరు వెనక్కి తీసుకున్నారు. 2009లో ఆయన మీద కేసు ఎత్తేశారు, బడికి మాత్రం అప్పటికే వేరే పేరు పెట్టేశారు. ఆ గొడవలో మామూలు సిపాయి ఎక్కడా లేడు.

మూడో అభ్యంతరం మోసం. మస్టర్ తెరిస్తే లేనివాళ్లు కూడా చేరతారు, సంతలో కొన్న యూనిఫాం, పతకాలు వేసుకుని సభలకి వచ్చేవాళ్లున్నారు అంటారు. ఉండొచ్చు. అయితే లెక్క లేనిచోటే మోసానికి చోటెక్కువ. సొంత దేశం వస్తుందని, నెలనెలా డబ్బొస్తుందని ఆశపెట్టి హ్మాంగ్ వృద్ధుల దగ్గర వేల డాలర్లు గుంజిన కేసులో 2017లో సెయింట్ పాల్ ఫెడరల్ కోర్టులో జ్యూరీ ఒకతన్ని దోషిగా తేల్చింది. ప్రభుత్వం ఏమిస్తుందో, ఏమివ్వదో, తమ పేరు ఎక్కడుందో తెలియని జనమే అలాంటి మాటలు నమ్ముతారు.

చట్టసభల మంచిమాటలు ఎంతదాకా పనికొస్తాయో కూడా చూశాం. 1996 సంక్షేమ సంస్కరణల్లో హ్మాంగ్ వృద్ధులకి ఫుడ్ స్టాంపులు (తిండి కోసం సర్కారిచ్చే సాయం) ఆగిపోతే, వీళ్లని మాజీ సైనికులుగా చూడాలని కాంగ్రెస్ 1997లో ‘అభిప్రాయపడింది’. అభిప్రాయం చట్టం కాదని అధికారులు ఇవ్వలేదు. 1998లో మళ్లీ చట్టం చేయాల్సొచ్చింది. 2001 తర్వాత ఉగ్రవాద నిరోధక నిబంధనల్లో, అమెరికా తరఫున తుపాకీ పట్టిన ఇదే మనుషులు సాయుధ ముఠా సభ్యుల నిర్వచనంలోకి వచ్చి పడ్డారు. 2007 డిసెంబర్‌లో హ్మాంగ్ అని పేరుపెట్టి మినహాయిస్తే గానీ ఆ ముడి వీడలేదు. అప్పటికి ఆర్లింగ్టన్‌లో వాళ్ల స్మారక ఫలకం పెట్టి పదేళ్లయింది!

కొనేవాడికి నచ్చే కథ

నాకు నిజంగా సందేహం కలిగించేది వేరే ఉంది. ఈ చట్టాలన్నిటిలో ఒక పదబంధం: అమెరికా సైన్యానికి మద్దతుగా. ఆ గీత లోపల పడాలంటే కథ కూడా దానికి తగ్గట్టు చెప్పుకోవాలి. కూలిన పైలట్‌ని కాపాడాం, రాడార్‌కి కాపలా కాశాం, ఉత్తర వియత్నాం సరఫరాలు సాగిన హో చి మిన్ దారిని అడ్డుకున్నాం. ఇవన్నీ నిజాలే. కానీ నాంగ్ హేట్ దగ్గర సొంత ఊరు పోతుందని తుపాకీ పట్టినవాడి కారణం అందులో ఇమడదు. రెండు తరాలు పోయేసరికి మనవలకి తాత సీఐఏ సైనికుడిగానే మిగులుతున్నాడు. సేవ గుర్తించమని అడిగే క్రమంలో సొంత యుద్ధాన్ని ఇంకొకరి యుద్ధంలో అధ్యాయంగా రాసిచ్చేస్తున్నారేమో అనిపిస్తుంది.

థాయ్‌లాండ్‌లోని బాన్ వినాయ్ శరణార్థి శిబిరంలో ఆడవాళ్లు కుట్టిన కథల బట్టల్లోనూ ఇదే కనిపిస్తుంది. అంతకుముందు వాళ్ల కుట్టుపనిలో గీతలు, చుట్టలు, నత్త ఆకారాలే. మనుషుల బొమ్మలు లేవు. శిబిరంలో కొత్త పద్ధతి మొదలైంది. నీలం బట్ట మీద పై మూలలో విమానాలు, వాటికింద ఊరు, మొక్కజొన్న చేను, మూటలు మోస్తున్న మనుషుల వరస, మధ్యలో అడ్డంగా మెకాంగ్, వెదురు కట్టలు పట్టుకుని ఈదుతున్నవాళ్లు, అవతలి ఒడ్డున థాయ్ సైనికులు. కొన్నిటి మీద ఇంగ్లిష్‌లో వాక్యాలు కూడా కుట్టారు, కొనేది విదేశీయులు కాబట్టి. అమ్మకానికి చేసినవే, అయినా నమోదు చేసే పని మగవాళ్లకంటే ముందు మొదలుపెట్టింది ఈ ఆడవాళ్లే. సామ్ థాంగ్‌లో నర్సులుగా చేసినవాళ్లు, మందుగుండు మోసినవాళ్లు, ఫా థీ కింద చనిపోయిన ఆ ఇద్దరు ఏ దళం జాబితాలోకీ రారు. చట్టంలో ఆడవాళ్లకి ప్రధానంగా దొరికిన చోటు వితంతువులుగానే.

పిల్లలకి నేర్పే విషయంలో కొంత కదలిక ఉంది. రహస్య యుద్ధాన్ని కూడా చెప్పమని కాలిఫోర్నియా 2003లో బడులకి సూచించింది, 2018లో హ్మాంగ్ చరిత్రకి నమూనా పాఠ్యప్రణాళిక తయారుచేయాలని చట్టం చేసింది. మినెసోటా శాసనసభ ఆవరణలో 2016లో వెదురు మొలక ఆకారంలో స్మారకం పెట్టారు. సెయింట్ పాల్ రైతుబజార్లో హ్మాంగ్ వాళ్ల దగ్గర కాకరకాయలు, పచ్చిమిర్చి కొనే తెలుగువాళ్లకి ఒలింపిక్స్‌లో బంగారం గెలిచిన సునీసా లీ ఆ ఊరి అమ్మాయేనని తెలుసు. ఆ బండి వెనక కూర్చున్న పెద్దాయన అక్కడికి ఎలా చేరాడో తెలిసినవాళ్లు తక్కువ.

మస్టర్ ఎలా ఉండాలి

అందరి పేర్లూ ఇంటర్నెట్‌లో పెట్టేస్తే సరిపోతుందంటే నేనొప్పుకోను. లావోస్‌లో బంధువులున్నారు. పాత సైనికుల సంతతిలో కొందరు సైసోంబూన్ అడవుల్లో దాక్కుని బతుకుతున్నారన్న వార్తలు ఏళ్లుగా వస్తూనే ఉన్నాయి. ఇక్కడ తాత పేరు బయటపడితే అక్కడ మేనల్లుడి మీదకి రావచ్చు. కాబట్టి పేరు మూసి ఉంచే వీలుండాలి. చోటు, దళం, కాలం, వయసు బయట కనబడాలి. పేరు, ఊరు కుటుంబం ఒప్పుకున్నప్పుడే. సెయింట్ పాల్‌లో హ్మాంగ్ ఆర్కైవ్స్, కాంకార్డియా విశ్వవిద్యాలయంలో హ్మాంగ్ అధ్యయన కేంద్రం లాంటివి ఉన్నాయి. సర్కారు ఆఫీసు చేతిలో కంటే వాళ్ల చేతిలో ఉంటే జనం నోరు విప్పుతారు. సర్కారు చేయాల్సింది ఆ నమోదుని రుజువుగా ఒప్పుకోవడం.

ఒక్కో వాంగ్మూలం పక్కన అది ఏ స్థాయిదో రాయాలి: స్వయంగా చెప్పింది, తోటివాడు చెప్పింది, పిల్లలు విన్నది, దస్తావేజుతో సరిపోలింది. సరిపోలని దాన్ని తీసేయకూడదు, సరిపోలలేదని రాయాలి. పేరు తెలియనివాళ్లకి కూడా వరస ఉండాలి. పోరాడాడా, మోశాడా, రేడియో పట్టాడా, కట్టు కట్టిందా అన్న గడి ఉండాలి, అందులో ఆడవాళ్లూ పిల్లలూ పడాలి. ఎందుకు చేరాడన్న గడిలో ఆ మనిషి చెప్పిన కారణమే వాడి మాటల్లోనే పడాలి, చట్టానికి నచ్చేలా దిద్దకూడదు. అటువైపు పోరాడిన హ్మాంగ్ కుటుంబం వచ్చి మావాడి పేరూ రాయండి అంటే వేరే శీర్షిక కింద రాయాలంటాను నేను. సెయింట్ పాల్‌లో దీనికి ఎంతమంది ఒప్పుకుంటారో అనుమానమే.

గడువు మాత్రం పెట్టకూడదు. 2000లో పద్దెనిమిది నెలలన్నప్పుడు సాక్ష్యం చెప్పగలిగినవాళ్లు యాభైల్లో, అరవైల్లో ఉన్నారు. 1973లో పదిహేనేళ్లున్న కుర్రాడికి ఇప్పుడు అరవై అయిదు దాటేశాయి, అతని కెప్టెన్ ఉంటే తొంభైకి దగ్గర. తోటి సైనికులు ఇద్దరు అన్న షరతు ఇంకో పదేళ్లలో ఎవరూ తీర్చలేనిది అవుతుంది. చట్టం మార్చడానికి దొరికే మొదటి అవకాశంలో, బతికుండగా రికార్డు చేసిన మాటని చనిపోయాక కూడా అఫిడవిట్‌గా ఒప్పుకుంటామన్న ఒక్క వాక్యం చేర్పించగలిగితే, మార్చి 23 లాంటి తేదీల మీద పోట్లాట తర్వాతైనా చేసుకోవచ్చు.